వాగ్దాన డైరీ: కొత్త ఏడాదికి సరే, పాత ఏడాది లెక్కకు చోటేది?

డిసెంబరు మొదటి ఆదివారం దాటిందంటే నెల్లూరు ట్రంకు రోడ్డు స్టేషనరీ కొట్లలోనూ, ఒంగోలులో క్రైస్తవ పుస్తకాలమ్మే చోట్లా, కావలి, కందుకూరు, పొదిలి చర్చిల గుమ్మాల దగ్గర వేసే బల్లల మీదా వాగ్దాన డైరీలు వచ్చేస్తాయి. అట్ట మీద కొండో, గోధుమ కంకులో, పావురమో, దాని కింద బంగారు రంగులో ఏడాది అంకె, లోపల రోజుకో బైబిలు వాక్యం, ఆ రోజుకి దేవుని వాగ్దానంగా. క్రిస్మస్ కానుకగా ఇవ్వడానికి పది, ఇరవై ఒకేసారి కొనేవాళ్లున్నారు. సండే స్కూలు టీచర్లకీ, యవ్వనస్థులకీ సంఘం తరపున ఇచ్చేది కూడా చాలాచోట్ల ఇదే.

ఈ సమీక్ష ఏ ఒక్క ముద్రాపకుల డైరీ గురించీ కాదు. ఎవరు అచ్చేసినా ఇవన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి కాబట్టి ఆ రకాన్నంతా కలిపి చూస్తున్నాం. చూసేది కూడా ఒకే ప్రశ్నతో. డిసెంబరు చివరి వారంలో ఒక విశ్వాసి కూర్చుని, అయిపోయిన ఏడాదిని దేవుని ముందు పెట్టి చూసుకోవాలనుకుంటే ఈ డైరీ ఎంతవరకు సాయపడుతుంది?

మా మాట ముందే చెప్పేస్తాం. రోజూ వాక్యం చదివే అలవాటుకి ఇది మంచి వస్తువు, కొనొచ్చు. వెనక్కి తిరిగి చూసుకోవడానికి మాత్రం, అచ్చులో ఉన్నది ఉన్నట్టు వాడితే, సగం కూడా పనికిరాదు. లోపం కాగితంలో కొంత, అమరికలో ఎక్కువ. కిరాణా కొట్టు చిట్టాలో కొత్త పేజీ తిప్పగానే పైన "వెనకటి నిల్వ" అని ఒక వరస రాస్తారు. ఈ డైరీలో ఆ వరసే లేదు. జనవరి 1 పేజీ అంతా సున్నా నుంచి మొదలైనట్టు ఉంటుంది. మార్చిలో మొదలుపెట్టి డిసెంబరుకి కూడా తేలని ప్రార్థన ఏమైందని అడిగే గడి ఎక్కడా కనపడదు.

ఒక పేజీ తీసి చూడండి. పైన తేదీ, వారం. దాని కింద రెండు మూడు వరసల వాక్యం, పక్కన చిన్న అక్షరాల్లో ఆ రోజు చదవాల్సిన అధ్యాయాలు. తర్వాత పద్దెనిమిది, ఇరవై గీతల ఖాళీ. అడుగున "ప్రార్థన అంశాలు" అని ఒక చిన్న పెట్టె, అందులో మూడు గీతలు. బాగానే ఉంది అనుకుంటూ నాలుగు పేజీలు తిప్పగానే శని, ఆదివారాలు కనిపిస్తాయి. తక్కువ ధర డైరీల్లో ఈ రెండు రోజులకీ కలిపి ఒకే పేజీ, చెరో సగం. ఆఫీసు డైరీల్లో ఆదివారం సెలవు కాబట్టి అలా వేస్తారు. ఆ మూసనే తెచ్చి క్రైస్తవ డైరీకీ పెట్టేశారు. ప్రసంగం రాసుకోవాల్సిన రోజు, ప్రభువు బల్లలో పాలుపొందే రోజు, కానుక లెక్క రాసుకునే రోజు ఆదివారమే కదా. ఆ రోజుకి ఏడెనిమిది గీతలిచ్చి మంగళవారానికి ఇరవై గీతలివ్వడం తలకిందులు వ్యవహారం. ఏడాది చివర తిరగేసినప్పుడు యాభై రెండు ఆదివారాలూ ఇరుకు ఇరుకుగా, అంచుల మీదకి పాకిన రాతతో ఉంటాయి. అసలు చదవాల్సినవి అవే. కొనేముందు మొట్టమొదట చూడాల్సింది ఆదివారానికి పూర్తి పేజీ ఉందా లేదా అన్నది. లేకపోతే వేరేది చూసుకోవడమే మేలు.

కాగితం సంగతి. చాలా డైరీల్లో కాగితం 60 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) దగ్గర ఉంటుంది. దాని మీద జెల్ పెన్నుతో రాస్తే రాత అవతలి పక్కకి కనిపిస్తుంది, ఇంకు పెన్నయితే దిగుతుంది. 70 జీఎస్‌ఎం ఉంటే బాల్ పెన్నుకీ జెల్ పెన్నుకీ ఇబ్బంది లేదు. అట్ట లోపల జీఎస్‌ఎం అచ్చేయకపోతే ఒక కాగితం ఎత్తి దీపానికి అడ్డం పెట్టి చూడాలి. వెనక పేజీ అక్షరాలు చదవగలిగేలా ఉంటే పలచనిది. బైండింగు కూడా చూడాలి. సరిగ్గా నడిమికి, అంటే జూన్ ఆఖరుకి తెరిచి బల్ల మీద పెట్టి చెయ్యి తీసేయండి. తెరిచినట్టే ఉంటే కుట్టు బైండింగు. తనంతట తాను మూసుకుపోతే బంక మాత్రమే వేసింది. బంక డైరీ సముద్రం దగ్గరి ఊళ్లలో, వానాకాలపు చెమ్మకి, అక్టోబరు నాటికే వీపు వదిలేస్తుంది. ముందుగా ఊడేవి మొదటి పేజీలూ చివరి పేజీలూ, అంటే జనవరీ డిసెంబరూ. వెనక్కి చూసుకునేవాళ్లకి ఆ రెండూ పోతే ఎలా? రిబ్బను గురించి పట్టించుకోనక్కర్లేదు.

అచ్చు తప్పులు ఇంకో బాధ. పాత డీటీపీ ఫాంటులో ఉన్న వాక్యాల్ని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి, అరసున్నలు మాయమవుతాయి. వాక్యం కింద ఇచ్చిన అధ్యాయం, వచనం అంకెలు తప్పు పడటమూ తరచుగా జరిగేదే. కొట్లో నిలబడే పది రోజుల వాక్యాల్ని ఫోనులో ఉన్న బైబిలుతో సరిచూస్తే ఆ డైరీ ఎంత శ్రద్ధగా తయారైందో తెలిసిపోతుంది. పదిలో రెండు తప్పులుంటే దించేయండి.

చదవాల్సిన అధ్యాయాల పట్టిక మాత్రం ఈ డైరీల్లో బలమైన భాగం. బైబిల్లో మొత్తం 1,189 అధ్యాయాలు, పాత నిబంధన 929, కొత్త నిబంధన 260. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం అయిదు చొప్పున చదివితే ఏడాదిలో అయిపోయి రెండు మూడు రోజులు మిగులుతాయి కూడా. పట్టికలో టిక్కు పెట్టే గడి ఉంటే ఏడాది చివర ఎక్కడ ఆగిపోయామో ఒక్క చూపులో తెలుస్తుంది. ఎక్కువమందికి లేవీయకాండం దగ్గరా, యిర్మీయా దగ్గరా టిక్కులు పలచబడతాయి. ఆ ఖాళీ గడులు గడిచిన ఏడాది గురించి నిజం చెప్పే సాక్షులు. వాటిని జనవరిలో దొంగ టిక్కులతో నింపకుండా ఉంచండి.

ఇక వెనక పేజీలు. "గత సంవత్సర జ్ఞాపకాలు" అని ఒకే ఒక్క పేజీ, అదీ టెలిఫోను నంబర్ల పట్టికకి ముందు. పన్నెండు నెలల బతుకు ఇరవై గీతల్లో పట్టాలి. దాని పక్కనే దశమభాగం (రాబడిలో దేవునికిచ్చే పదో వంతు) పట్టిక, నెలకో గడి. నెల జీతగాళ్లకి అది సరిపోతుంది. మన దగ్గర ఎంతమంది రాబడి నెలనెలా వస్తుంది? ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతుకి నారుమడి వానాకాలంలో, నాట్లు అక్టోబరు, నవంబరుల్లో, ఆకు విరిచి బ్యారన్‌లో, అంటే వేడిగదిలో, కాల్చి ఆరబెట్టడం కొత్త ఏడాదిలో, వేలం కేంద్రానికి బేళ్లు వెళ్లడం ఆ తర్వాత. ఒక పంట రెండు డైరీల్లో పడుతుంది. డిసెంబరు 31న ఆయన పొలంలో సగం పంట, బాకీ మొత్తం ఉంటాయి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల వాళ్లకి మూడు నాలుగు నెలలకి ఒకసారి పట్టుబడి. వైరసు తగిలితే అదీ లేదు. ఇలాంటివాళ్లు నెలల గడులు కొట్టేసి "పంట 1, పంట 2" అని రాసుకోవాలి. రాబడి వచ్చిన తేదీ, పెట్టుబడి తీసివేయగా మిగిలింది, అందులో దేవునికి తీసిపెట్టింది, ఇచ్చిన తేదీ అని నాలుగు నిలువు గీతలు గీస్తే చాలు. తీసిపెట్టిన తేదీకీ ఇచ్చిన తేదీకీ మధ్య ఎన్ని నెలలు పట్టిందో చూడండి. ఆత్మీయ పరిశీలనకి ఆ ఎడం ఒక్కటే బోలెడు సంగతులు చెబుతుంది.

డైరీతో పాటు వచ్చే వాగ్దానాల గురించి కాస్త నిదానంగా మాట్లాడాలి. అందరూ దీన్ని కొనేది వాటి కోసమే.

రోజుకో వాక్యం పద్ధతి కొత్తది కాదు. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ సహోదరులనే క్రైస్తవ సంఘం వాళ్లు 1728లో రోజూ ఒక వాక్యాన్ని ఇంటింటికీ అందించడం మొదలుపెట్టారు, 1731 నుంచి ఏడాది మొత్తానికీ పుస్తకంగా అచ్చేస్తున్నారు. అందులో పాత నిబంధన వాక్యాన్ని చీటీ వేసి తీస్తారు, దానికి తగిన కొత్త నిబంధన వాక్యాన్ని జతచేస్తారు. ఆ జత చేయడంలో ఒక జాగ్రత్త ఉంది. వాక్యం ఒంటరిగా నిలబడదు, దాన్ని ఇంకో వాక్యంతో కలిపి చదవాలి. మన డైరీల్లో చీటీ మిగిలింది, జాగ్రత్త పోయింది.

ఉదాహరణకి యిర్మీయా 29:11. సమాధానకరమైన ఉద్దేశాల గురించిన ఈ మాట లేని వాగ్దాన డైరీ ఉండదేమో. దాని పైన ఉన్న 10వ వచనాన్ని మాత్రం వేయరు. బబులోనులో డెబ్బయి ఏళ్లు పూర్తయిన తర్వాతే మిమ్మల్ని దర్శిస్తానని దేవుడు అక్కడ చెబుతున్నాడు. ఇది బబులోనుకి చెరపట్టుకుపోయిన యూదులకి యిర్మీయా రాసిన ఉత్తరం. దాన్ని అందుకున్న పెద్దల్లో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అంతకుముందు వచనాల్లో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. నిర్గమకాండం 14:14 కూడా అంతే. యెహోవా మీ పక్షాన యుద్ధం చేస్తాడు, మీరు ఊరక ఉండండి అన్న మాట కొత్త ఏడాది ఆరాధనలో పంచే వాగ్దాన కార్డు మీదకి ఎక్కింది. వెంటనే వచ్చే 15వ వచనంలో దేవుడు మోషేతో నాకెందుకు మొరపెడుతున్నావు, జనాన్ని ముందుకు సాగమని చెప్పు అంటాడు. అది కార్డు మీద ఉండదు.

ఏడాది చివర దీని ఫలితం కనిపిస్తుంది. జనవరి 1 అర్ధరాత్రి పళ్లెంలోంచి తీసుకున్న కార్డుని అద్దం పక్కనో, ఫోను కవరు లోపలో పెట్టుకుంటారు. డిసెంబరుకి వచ్చి ఆ వాగ్దానం నెరవేరలేదనుకుంటే రెండే దార్లు కనిపిస్తాయి. నా విశ్వాసం చాల్లేదనుకోవడం, లేదా ఆ కార్డుని మరిచిపోయి ఇంకోటి తీసుకోవడం. మూడో దారి ఉంది. ఆ అధ్యాయం మొత్తం చదవడం. డిసెంబరు 26న చేయాల్సిన మొదటి పని ఇదే అంటాం. పాత కార్డు తీసి, ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి, ఆ మాట ఎవరితో ఎప్పుడు చెప్పిందో ఒక వరసలో రాయాలి. ఎక్కువసార్లు అది దేవుడు మనకి ఇవ్వని మాట, ఇచ్చాడని మనం అనుకున్నది అయి ఉంటుంది. ఇది తెలిస్తే గుండె మీద బరువు దిగుతుంది.

మరి వెనక్కి చూసుకోవడానికి ఏం కొనాలి? మా సలహా 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కు, రూళ్లది, గట్టి అట్టది. అచ్చు వాక్యాలుండవు, బంగారు రంగు ఉండదు. నెలకి ఎదురెదురు రెండు పేజీల చొప్పున పన్నెండు నెలలకి ఇరవై నాలుగు పేజీలు, చివర ఇంకో నాలుగు. ఏడాదికి ఇరవై ఎనిమిది. ఒకే పుస్తకంలో ఏడేళ్లు పడతాయి. ఏడేళ్లు ఒకచోట ఉండటమే దీని గొప్ప. నాలుగేళ్ల కిందట తేలని మాట ఇప్పుడు ఎలా తేలిందో పేజీ తిప్పితే కనబడుతుంది. డైరీ అయితే ఏడాది కాగానే పాత పేపర్లతో కాటాకి పోతుంది.

ఎడమ పేజీలో ఆ నెలలో జరిగినవి తేదీలతో. కుడి పేజీని నిలువుగా మూడు గళ్లు చేసి పైన "అందింది", "పోయింది", "తేలలేదు" అని రాసుకోవాలి. ఇంతకుమించి ఏర్పాటు అక్కర్లేదు.

నింపడం మాత్రం డిసెంబరు 31 సాయంత్రం కూర్చుంటే అవదు. అందరూ చేసే పొరపాటు ఇదే. ఆ రోజు ఇంట్లో పిండివంటలు, పిల్లల హడావుడి, రాత్రి ఆరాధనకి తయారవడం. గంటలో రాసినదాంట్లో చివరి రెండు నెలలే ఉంటాయి. పైగా మన నెల్లూరు సీమకి వానల్లో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనంతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే వస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి ఏడాది చివర ఎవరిని అడిగినా "ఏడాదంతా నీళ్లే, నష్టమే" అంటారు. ఏప్రిల్‌లో జరిగిన మేలు తుపానుకి కొట్టుకుపోతుంది. అందుకని అయిదు సాయంత్రాలు, 26 నుంచి 30 దాకా, రోజుకి నలభై నిమిషాలు పెట్టుకోవాలి.

మొదటి సాయంత్రం, పాత కార్డు పని అయ్యాక, తేదీలే. భావాలు రాయొద్దు, ప్రార్థనలు రాయొద్దు. బ్యాంకు పాస్‌బుక్కు క్రిస్మస్‌కి ముందే ప్రింటు వేయించుకుని పెట్టుకోండి. గోడ క్యాలెండరు దించండి. పాలు రాని రోజులు, గ్యాసు బండ వచ్చిన రోజు, చీటీ పాట కట్టిన రోజు అన్నీ దాని మీదే ఉంటాయి. ఆసుపత్రి ఫైలు, పిల్లల ప్రోగ్రెస్ కార్డులు, ఫోనులో ఫొటోలు. ఫొటోల్ని నెలవారీగా జనవరి నుంచి చూసుకుంటూ రావాలి, చివరి నుంచి వెనక్కి కాదు. మనసు మరిచిపోయినవి పాస్‌బుక్కు చెబుతుంది. మేలో ఒకేరోజు మూడుసార్లు డబ్బు తీసి ఉంటే ఆ రోజు ఏదో జరిగింది, అదేంటో గుర్తొచ్చేదాకా ఆగండి.

రెండో సాయంత్రం "అందింది" గడి. ఇక్కడ "దేవుడు ఏడాదంతా పోషించాడు" అని ఒక్క ముక్కలో రాసి ముగించేవాళ్లే ఎక్కువ. అది నిజమే, అయినా ఆ వరస నిరుటిదీ అంతే, వచ్చేటిదీ అంతే. ఎవరి చేత పోషించాడో రాయాలి. మనిషి పేరు, ఎంత, ఏ తేదీన. బడి ఫీజు గడువు రేపనగా చేబదులిచ్చిన పక్కింటివాళ్లు, ఆసుపత్రిలో రాత్రి తోడున్న మరదలు, అడగకుండా రెండు బస్తాల ఒడ్లు దింపిపోయిన బావగారు. క్రైస్తవులు కానివాళ్ల పేర్లు చాలా వస్తాయి. రానివ్వండి, వాళ్ల చేతుల మీదుగా వచ్చింది కూడా ఆయన దయే. పేర్లు రాశాక వాళ్లలో ఎంతమందికి ఆ మాట నోటితో చెప్పామో చూసుకుని, చెప్పనివాళ్ల పక్కన చుక్క పెట్టాలి.

మూడో సాయంత్రం అన్నిటికంటే కష్టం, "పోయింది" గడి. ఆ ఏడాది ఇంట్లో మనిషి పోయి ఉంటే ఈ సాయంత్రాన్ని ఒంటరిగా చేయకండి. సంఘంలో చాలామంది ఇక్కడ తొందరపడి "అంతా మేలుకే" అని రాసేస్తారు, చుట్టాలూ అదే చెబుతారు. బైబిలు అంత తొందరపడదు. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి లేదు. అలాంటి ప్రార్థనకీ కీర్తనల గ్రంథంలో చోటిచ్చారు. కాబట్టి పోయినదాన్ని పోయిందనే రాయండి, పక్కన ఓదార్పు అతికించకండి. నలభై నిమిషాలకి ముందే ఆపేయాలనిపిస్తే 88వ కీర్తన చదివి ఆపేయొచ్చు.

నాలుగో సాయంత్రం అప్పులు, మాటలు. తిరిగివ్వని చేబదుళ్లు, ఇస్తానని ఇవ్వని చందా, కోపంలో అన్న మాట, పొలం గట్టు దగ్గర తెగని తగాదా, పెళ్లికి పిలవని తమ్ముడు. మత్తయి 5:23, 24లో అర్పణను బలిపీఠం ముందే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమని ఉంది. డిసెంబరు 29కి ఇది సరిగ్గా సరిపోతుంది, ఇంకా రెండు రోజులున్నాయి. ఇక్కడ ఇప్పుడు కొత్తగా వచ్చిన జబ్బు ఒకటుంది. "ఈ ఏడాదిలో నా వల్ల ఎవరైనా నొచ్చుకుని ఉంటే క్షమించండి" అని వాట్సాప్ స్టేటస్ పెట్టడం. దానివల్ల నొచ్చుకున్న మనిషికి ఏమీ అందదు, పెట్టినవాళ్లకి మాత్రం పని అయిపోయిందనిపిస్తుంది. స్టేటస్ బదులు ఒక్క ఫోను, వీలైతే ఒక్క బస్సు టికెట్టు. డబ్బు బాకీ అయితే క్షమాపణతో పాటు వాయిదా తేదీ కూడా చెప్పాలి. సువార్తలోని సుంకపు గుత్తదారు జక్కయ్య నాలుగింతలిస్తానని అంకెతో చెప్పాడు, "చూద్దాం" అనలేదు.

అయిదో సాయంత్రం ఇంట్లో అందరితో. ఒకరు జనవరి నుంచి చదువుతుంటే మిగతావాళ్లు మరిచిపోయినవి కలపాలి. పిల్లలు చెప్పేవి రాయకుండా వదలకండి. కుక్కపిల్ల చచ్చిపోయిన తేదీ పెద్దల పుస్తకంలో ఉండదు. నాలుగో సాయంత్రం రాసిన పేజీని మాత్రం అందరిముందూ చదవొద్దు. దాన్ని క్లిప్పు పెట్టి మూసి ఉంచాలి.

మిగిలింది "తేలలేదు" గడి. దానికి సాయంత్రం కేటాయించలేదేమని అడగొచ్చు. ఆ అయిదు సాయంత్రాలూ అవుతుంటే అదే నిండుతుంది. దాన్ని ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. ఇక్కడ మన ఊళ్ల చరిత్ర ఒకటి చెప్పాలి.

అమెరికన్ బాప్తిస్టు మిషను తరపున శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చారు. పదేళ్లు దాటినా సంఘం చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతే. తెలుగు మిషనును మూసేయాలా అని అమెరికాలో మళ్లీ మళ్లీ చర్చ జరిగింది, 1853లో కూడా. పటంలో ఒంటరిగా ఉందని దానికి ఒంటి నక్షత్రం అని పేరు పడింది కూడా అప్పుడే. ఆ ఏడాది గడిచిన మర్నాడు, 1854 జనవరి 1 తెల్లవారుజామున, నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, వాళ్లతో వచ్చిన ముగ్గురు తెలుగు క్రైస్తవులు, వాళ్లలో నెల్లూరు జూలియా ఒకరు, ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేశారు. ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలోదే. ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమన్నది వాళ్ల మనవి. డిసెంబరు 1854లో ఆ అయిదుగురూ మన వాగ్దాన డైరీ తీసి చూసుకుని ఉంటే ఆ గడి ఖాళీ. 1855లో ఖాళీ. 1860లో ఖాళీ. వాళ్లడిగిన సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకి పని చూపించారు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువున్నన్నాళ్లూ, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొండ మీది ప్రార్థనకీ ఆ రోజుకీ మధ్య ఇరవై నాలుగేళ్లు. ఆ ఏళ్ల లెక్కలో కరువుకి చచ్చిపోయినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లని "పోయింది" గడిలోంచి తీసేసి ఈ సంఖ్య ఒక్కటే చెప్పడం న్యాయం కాదు.

ఒంగోలులో ఆ కొండ ఇప్పటికీ ప్రార్థన కొండే. జనవరి 1 పొద్దున దాని పక్కగా వెళ్లేవాళ్లకి ఈ తేదీలు తెలిసి ఉంటే బాగుంటుంది.

అందుకని "తేలలేదు" గడిలో ఉన్నవాటిని కొట్టేయకుండా, జవాబు వచ్చిందని బలవంతంగా రాసుకోకుండా, కొత్త ఏడాది మొదటి పేజీకి ఎక్కించాలి. పైన "వెనకటి నిల్వ" అని రాసి, ఒక్కొక్క అంశం పక్కన అది మొదలైన ఏడాది వేయాలి. 2019 నుంచి వస్తున్న ప్రార్థన ఉంటే 2019 అనే వేయండి. ఏడెనిమిది కంటే ఎక్కువైతే కొన్ని నిజంగా ప్రార్థించనివి, ఊరికే రాసినవి అయి ఉంటాయి, వాటిని ధైర్యంగా తీసేయొచ్చు.

31 రాత్రి ఆరాధన గురించి నాలుగు మాటలు. తొమ్మిదికో పదికో మొదలై పాటలు, సాక్ష్యాలు, ప్రసంగం, పన్నెండుకి మోకాళ్ల ప్రార్థన, ఆ తర్వాత వాగ్దాన కార్డులు, కేకు. సాక్ష్యాలకి ఎక్కువమంది లేస్తారు కాబట్టి మనిషికి మూడు నిమిషాల కంటే రావు. నోట్‌బుక్కులోంచి ఒకే ఒక్క సంగతి, తేదీతో, మనిషి పేరుతో చెబితే మూడు నిమిషాలు చాలు. పన్నెండింటి మోకాళ్ల ప్రార్థనకి వెనకటి నిల్వ కాగితం చేతిలో ఉండాలి. మైకు జోరుగా ఉన్నచోట గుర్తుపెట్టుకుని ప్రార్థించడం కుదరదు. పల్లెల నుంచి వచ్చేవాళ్లు తిరుగు ప్రయాణానికి ఆటో ముందే మాట్లాడుకోవాలి, ఆ వేళకి బస్సులుండవు. 

కొనుగోలుకి వస్తే, ఎవరైనా కానుకగా ఇస్తే వాగ్దాన డైరీ సంతోషంగా తీసుకోండి. మీరే కొంటుంటే ఆదివారానికి పూర్తి పేజీ, 70 జీఎస్‌ఎం, కుట్టు బైండింగు, టిక్కు గడులున్న పట్టిక, ఈ నాలుగూ ఉన్నదే కొనండి. సండే స్కూలు టీచర్లకి ఇచ్చే సంఘాలు డైరీతో పాటు ఒక్కో లాంగ్ నోట్‌బుక్కు కూడా ఇస్తే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు, ఏడేళ్లు ఉంటుంది. ముద్రించేవాళ్లకి మా మనవి ఒక్కటే. ఫోను నంబర్ల పట్టికని ఇప్పుడు ఎవరూ నింపడం లేదు. ఆ నాలుగు పేజీలు తీసేసి, ముందుభాగంలో, జనవరి 1కి ఎదురుగా, "వెనకటి నిల్వ" అని ఒక ఖాళీ పేజీ వేయండి.

ఈ ఏడాది డైరీ ఇప్పటికే కొనేసినవాళ్లు అట్ట లోపలి తెల్ల కాగితం వాడుకోవచ్చు. పెన్సిలుతో రాసుకోండి, తేలినప్పుడు దాని మీదే పెన్నుతో తేదీ వేయడానికి వీలుగా ఉంటుంది.